రోగము పేరు దాచుట న్యాయమా?



మన కుటుంబములు ఒకచోట లేవు. అన్న బళ్లారిలో ఉంటే చెల్లెలు షోలాపూరులో, పినతండ్రి బరంపురంలో, మేనత్త యానాంలో ఉంటారు. ఒకరు కన్నుమూసినప్పుడు మిగిలినవారికి అందే కబురు "కడుపులో ఏదో జబ్బట" అన్నంత మాత్రమే. పెద్దప్రేగు క్యాన్సరు అని ఎవరూ చెప్పరు. మలము సంగతి మాట్లాడుటకు సిగ్గు. క్యాన్సరు పేరెత్తితే పిల్లల సంబంధాలు తప్పిపోతాయని భయము. ఇలా దాచుట న్యాయమేనా అని మనము ఆలోచించవలసి యున్నది.

ఈ రోగము ఒక్కనాడు వచ్చేది కాదు. చాలామందిలో మొదట పెద్దప్రేగు లోపలి పొరపై పాలిప్ అనే చిన్న బుడిపె లేస్తుంది. అన్నీ చెడ్డవి కావు గాని, కొన్ని సుమారు 10 సంవత్సరములలో క్యాన్సరుగా మారతాయి. అంతకాలము నొప్పి తెలియకపోవచ్చు. కొలనోస్కోపీలో చూచి ఆ బుడిపెను తీసివేస్తే అది క్యాన్సరుగా మారే అవకాశమే ఉండదు.

తల్లిదండ్రులలో గాని తోబుట్టువులలో గాని ఒకరికి ఈ రోగము వస్తే మిగిలినవారికి ముప్పు ఎక్కువ. అట్టివారు 40వ ఏట గాని, రోగికి రోగము బయటపడిన వయసుకు 10 ఏళ్ల ముందు గాని, ఏది ముందైతే అప్పుడు పరీక్ష మొదలుపెట్టాలని వైద్యులు చెప్తారు. తండ్రికి 48వ ఏట వస్తే కుమారునికి 38వ ఏటనే పరీక్ష. రోగము పేరు, తండ్రి వయసు తెలియని కుమారుడు ఈ లెక్క ఎలా వేసుకుంటాడు?

ఎవరి రోగము వారి సొంత విషయము కాదా అని కొందరంటారు. నిజమే, ఊరంతా చాటనక్కరలేదు. కాని అప్పు ఉంటే వారసులకు చెప్పిపోతాము గదా! రక్తసంబంధములో వచ్చే ముప్పును చెప్పకపోవుట ఏమి మర్యాద?

ఆహారము విషయములోను జాగ్రత్త అవసరమే. రాగిసంకటి, జొన్నరొట్టె, పప్పులు, ఆకుకూరలలోని పీచు ప్రేగుకు మేలు. సాసేజి వంటి నిల్వ మాంసము క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2015లో ప్రకటించినది. పొగాకు, మద్యము మానవలెను. అయినను మంచి తిండి పరీక్షకు బదులు కాదు. మలములో రక్తము కనబడితే మొలలే అనుకొని ఊరకుండరాదు.

మన ఇండ్లలో ఎవరు ఏ రోగముతో, ఏ వయసున పోయారో పెద్దలమైన మనమే ఒక కాగితముపై వ్రాసి పిల్లలందరికి పంపుదము.