విషాదము దోషమా, రోగమా?

ధనుర్మాసమున తెల్లవారుజాముననే లేచి, స్నానము చేసి, దేవాలయమునకు పోవుట అనేక గృహములలో ఆచారము. అట్టి యింట ఒకరు ప్రొద్దెక్కినను పడక విడువక, ఎవరితోను పలుకక, దీపము వెలిగించుటకైనను చేయి రాక యుండినచో తక్కినవారేమందురు? "తమస్సు ముదిరినది, భక్తి సన్నగిల్లినది" అందురు. ఈ తీర్పు ధర్మమేనా యని విచారింపవలసియున్నది.

జహీరాబాదు సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. చేరువలోని కోహీరు చలికాలమున తెలంగాణములో మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రత నమోదగు చోట్లలో నొకటి. మార్గశిర పుష్యములలో ఝరాసంగమునకు పోయి కేతకీ సంగమేశ్వరుని సేవించువారికి ఆ ఉదయపు చలి తెలియనిది కాదు. అయినను ఇచట అతి చిన్న పగలు కూడ సుమారు 11 గంటలుండును. తెలుగు బిడ్డలు పోయి స్థిరపడిన టొరంటోలో అది 9 గంటలకు లోపే; స్టాక్‌హోములో 6 గంటలు మాత్రమే. చీకటి నెలలలో ఏటేట మనస్సు క్రుంగు వ్యాధి అట్టి దేశములలోనే యెక్కువ. 1984లో అమెరికాలో నార్మన్ రోజెంతాల్ అను వైద్యుడు తన సహచరులతో గూడి దీనిని వర్ణించెను. మన ప్రాంతమున నిది అరుదు. కాని చలికి తలుపులు మూసికొని, లేదా శ్రావణ భాద్రపదముల మబ్బునకు వెరచి, దినమెల్ల గదిలోనే గడుపువారికి వెలుతురు కరవగుట ఇచటను సంభవమే.

చరకుడు విషాదమును ఎనుబది వాతవికారములలో నొకటిగా లెక్కించెను. రోగములను పెంచువానిలో దానిదే అగ్రస్థానమనియు వేరొకచోట చెప్పెను. అనగా దానిని పాపముల పట్టికలో గాక వైద్యశాస్త్రమున నిలిపెనన్నమాట. ఇంకొక విశేషము. రజస్తమస్సులు మనోదోషములని ఆయన మతము. అచట దోషమనగా తప్పు కాదు. శరీరమునకు వాతపిత్తకఫము లెట్టివో మనస్సునకు అవి యట్టివి. పిత్తము ప్రకోపించినవానిని భక్తిహీనుడని ఎవరును అనరు. తమస్సు ప్రకోపించినవానిని మాత్రము ఏల నిందింపవలెను? శాస్త్రపదమును సగము నేర్చి తోడివారిపై ప్రయోగించుట ఈనాడు మిక్కుటమైనది.

ప్రస్రవణగిరిపై వర్షర్తువు గడపిన శ్రీరామచంద్రుడు ఎంత శోకించెనో వాల్మీకి దాచలేదు. లక్ష్మణుడు అన్నను దూషింపక, చెంత నుండి, ధైర్యము చెప్పి, శరత్కాలమునకై వేచియుండెను. స్వామి శోకమునకు సీతావియోగము కారణము. ఈ వ్యాధికి అట్టి కారణము కానరాకపోవచ్చును. భేదమున్నను తోడున్నవాని కర్తవ్యము మారదు.

అట్లైన ప్రతి సోమరియు రోగినని తప్పించుకొనడా యని కొందరి శంక. సోమరికి విందులయందును వినోదములయందును ఉత్సాహము తగ్గదు. రోగికి తనకు ప్రియమైనవి సైతము రుచింపవు. నిద్ర పెరుగును, అన్నముపైనను తీపిపైనను కోరిక హెచ్చును, బరువు పెరుగును. కొందరికి నిద్రయు ఆకలియు తగ్గును. ఈ లక్షణములు వారముల తరబడి నిలిచి, కనీసము రెండేండ్లు వరుసగా అదే ఋతువున వచ్చి, ఋతువు మారగనే తొలగినచో వైద్యుని చూడవలెను.

చికిత్సలో వెలుతురే ముఖ్యము. ఇంటి దీపముల కాంతి సాధారణముగా కొన్ని వందల లక్సులు. మబ్బు పట్టిన పగలైనను ఆరుబయట వేలలో నుండును. విదేశములందు 10,000 లక్సుల దీపమునెదుట ఉదయము అరగంట కూర్చుండబెట్టుదురు. నేత్రరోగులును, ఉన్మాదమును విషాదమును మార్చి మార్చి వచ్చువారును వైద్యుని యనుమతి లేక అట్లు చేయరాదు. సూర్యబింబమును సూటిగా చూచుట ఎవరికిని తగదు. మాటలతో చేయు చికిత్సయు, అవసరమైనచో ఔషధములును గలవు. కార్తికస్నానము, ధనుర్మాససేవ, రథసప్తమి మనుష్యుని ఇల్లు వెడలించి పదిమందిలో నిలుపును. అయితే ధనుర్మాససేవ జరుగువేళ ఇంకను చీకటియే గదా! ప్రసాదము స్వీకరించి వెంటనే ఇంటికి మరలక, ప్రాంగణమున లేయెండలో అరగంట కూర్చుండుట మేలు. రాలేనివానిని చేయిపట్టి తోడ్కొని రావలెను. రానిచో ఆ దినమునకు విడిచి, మరునాడు మరల పిలువవలెను, వ్రతభంగమైనదని భయపెట్టరాదు.

చావు మాట నోట వచ్చినచో జాగు చేయరాదు, ఒంటరిగా విడువరాదు. కేంద్రప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్య ద్వారా రేయింబవళ్లు మాటలాడవచ్చును. తెలుగున బదులు చెప్పువారు గలరు. రోగి తానై పలుకలేనప్పుడు ఇంటివారే ఫోను చేయవచ్చును.