గ్రీన్‌బర్గ్‌కు దొరికిన వేషం

'టు బీ ఆర్ నాట్ టు బీ' 1942లో వచ్చిన హాలీవుడ్ హాస్యచిత్రం. తీసినవాడు ఎర్నెస్ట్ లూబిచ్. బెర్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టి అమెరికా చేరినవాడు. 1935లో నాజీలు ఆయన జర్మన్ పౌరసత్వాన్ని రద్దు చేశారు. కథ 1939 వార్సాలో మొదలవుతుంది. ఒక నాటక సమాజం హిట్లర్‌ను ఎగతాళి చేసే నాటకానికి రిహార్సల్స్ వేస్తుంటుంది. హిట్లర్‌కు కోపం వస్తుందని పోలండ్ ప్రభుత్వమే దాన్ని ఆపేస్తుంది. ఆ మర్యాదకు దక్కిన ఫలితం సెప్టెంబరులో పడ్డ బాంబులు. ఆడని నాటకం కోసం కుట్టించుకున్న నాజీ దుస్తులే చివరికి నటుల ప్రాణాలు కాపాడతాయి.

ఆ సమాజంలో గ్రీన్‌బర్గ్ అనే చిన్న నటుడున్నాడు. బల్లెం పట్టుకు నిలబడే వేషాలే అతనికి దక్కేవి. షైలాక్ వేషం వెయ్యాలని అతని కోరిక. మాకూ కళ్లున్నాయి, పొడిస్తే మాకూ నెత్తురొస్తుంది అని షైలాక్ అడిగే మాటల్ని సినిమాలో మూడుసార్లు అందుకుంటాడు. అయితే షేక్స్పియర్ రాసిన 'యూదు' అన్న మాటను అందులోంచి తీసేశారు. సినిమా మొత్తంలో ఆ మాటే వినబడదు.

పేరు తీసేస్తే అవి పీడితులందరి మాటలూ అవుతాయి కదా అంటారు. నాకీ వాదన మింగుడుపడదు. నాజీలు యూదుల్ని వట్టి మనుషులుగా చంపలేదు. జాబితాలు రాసి, చొక్కాకు గుర్తు కుట్టించి, యూదులుగానే చంపారు. పేరు పెట్టి చంపేవాడి ముందు పేరు లేకుండా ఏం మాట్లాడతాం?

అసలు ఆ మాటల్లోనే ఒక చిక్కుంది. చివర్లో పగ ప్రస్తావన వచ్చినా, లోకం వాటిని ఒక మొరగానే వింటుంది: నేనూ నీలాంటివాణ్ణే, కాబట్టి నన్ను బతకనియ్యి. మరి నీలా లేని నన్నేం చేస్తావు? అదే షైలాక్ నాటకం మొదట్లో, మీతో బేరం చేస్తాను గాని కలిసి తినను, కలిసి ప్రార్థన చెయ్యను అంటాడు. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

గ్రీన్‌బర్గ్ ఎవరో మనకు తెలిసేది ఒక జోకులో. ఇంగ్లీషులో 'హ్యామ్' అంటే పందిమాంసం. అతి చేసే నటుణ్ణి తిట్టే మాట కూడా అదే. నన్ను హ్యామ్ అంటావా అని తోటినటుడు ఎగిరిపడితే, నువ్వేదైతే అయ్యావో దాన్ని నేను తినను అంటాడితను. ముస్లిం పాఠకులకు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు! అక్కడ అతను తన తేడాను దాచుకోలేదు, దానికి సంజాయిషీ ఇవ్వలేదు. తాను మనిషినని రుజువు చేసుకోవాల్సిన అవసరం లేనివాళ్ల మధ్య ఉన్నాడు గనక తేలిగ్గా అనేశాడు. షైలాక్ మాటలకన్నా ఆ తేలికతనమే నాకు విలువైందిగా తోస్తుంది. మైనారిటీవాణ్ణి మాత్రం ఏ సభకు పిలిచినా షైలాక్ ప్రసంగమే చెయ్యమంటారు.

చివరికి గ్రీన్‌బర్గ్‌కు ఆ వేషం దొరుకుతుంది. హిట్లర్ వచ్చిన థియేటర్లో, కాపలా సైనికుల కళ్లుగప్పి తనవాళ్లను దాటించడానికి, దొంగ హిట్లర్‌కు ఎదురెళ్లి ఆ మాటలు అడుగుతాడు. ఆ హిట్లర్ వేషంలో ఉన్నది తనతోపాటు బల్లెం మోసిన బ్రాన్‌స్కీ. చుట్టూ ఉన్నది నిజం నాజీలు. ఆ పూట అతను అంత బాగా నటించినా చప్పట్లు కొట్టే వీలు ఎవరికీ లేదు.