ఎదుగుదల ఆగిన చెట్టు

పోయిన వేసవిలో రాములవారి దర్శనానికని ఖమ్మం నుంచి భద్రాచలం బస్సెక్కాం. పాల్వంచ దాటాక రోడ్డు పక్కన బడిపిల్లల్లా వరసకట్టిన జామాయిల్ తోటలు. సారపాకలో 1979 నుంచి నడుస్తున్న కాగితం మిల్లుకి ఇలాంటి కర్రే కావాలి. “వీటిని ఎప్పుడు కొట్టాలో ఎలా తెలుస్తుందయ్యా?” అన్నాను మా మరిదితో. లెక్కల మాస్టారాయె! పేపరు అంచు మీద గీత గీసి చూపించాడు.

మొక్క మొదట నిదానంగా, ఆపైన జోరుగా, చివర మళ్ళీ నిదానంగా ఎదుగుతుందిట. గీస్తే సాగదీసిన ఇంగ్లీషు ‘ఎస్’ అక్షరమే. 1838లో వెర్హుల్స్ట్ అనే బెల్జియం ఆయన జనాభా కోసం రాసిన సూత్రం చెట్లకీ పనికొస్తుందిట. ఇక కోత లెక్క మన వంటింటి లెక్కలాంటిదే. నాలుగేళ్ళకి 40 కిలోల కర్ర అయిందనుకోండి, సగటున ఏడాదికి 10. అయిదో ఏడు 6 కిలోలే పెరిగితే మొత్తం 46, సగటు 9.2. సగటు దిగడం మొదలైందా, గొడ్డలికి వేళయినట్టే!

రైతు ఇల్లు గడవాలిగా, లెక్క తప్పనను. అయినా మనసు కలుక్కుమంది. మా ఇంట్లో తలుపు చెక్క మీద పిల్లల ఎత్తు గీతలున్నాయి. పెద్దవాడి గీత పదిహేడో ఏటే ఆగిపోయింది. నడుం వంగిన మా అత్తగారికి గీస్తే ఏటా కిందికే దిగుతుంది. సగటు తగ్గిన మనుషుల్ని ఏం చేద్దాం?

ఆ మాటే అంటే మరిది నవ్వాడు. “గీతదేం తప్పు వదినా! మీరు ఏది అడిగితే దానికే జవాబిస్తుంది. కర్రెంత అంటే కర్ర సంగతే చెబుతుంది.”

నిజమే. అదే అడవి అంచున కోయవారు ఇప్పచెట్టుని ఆ ప్రశ్న అడగరు. ఎండాకాలం తెల్లవారుజామున రాలిన పువ్వులు ఏరుకుంటారు, గింజల నుంచి నూనె తీసుకుంటారు. మాను లావెక్కడం ఏనాడో మందగించినా పూత మానదు కదా! ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి ‘వనజీవి’ దరిపల్లి రామయ్యగారు 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2025లో కన్నుమూశారు. ముసలితనంలోనూ మొక్కలు నాటిన ఆ మనిషిని ఏ గీత మీద కొలుస్తాం?

ఇంటికొచ్చి తలుపు మీది గీతలేమీ చెరపలేదు, అవీ నిజమేగా. మొన్న ఒళ్ళు వెచ్చబడి గుక్కపెట్టిన మనవరాలు ఎవరెత్తుకున్నా ఊరుకోలేదు. అత్తగారు ఒళ్ళోకి తీసుకుని వీపు నిమిరేసరికి కన్ను మూసింది. “చూశారా, ఇప్ప పూసింది!” అన్నాను. ఆవిడకేం అర్థం కాలేదు. “ఈ కాలంలో ఇప్పేమిటే, పిల్లకి దుప్పటి కప్పు” అన్నారు.