నాయకుని గృహజీవితము – పౌరుని ధర్మము

శ్రీమద్రామాయణమునందలి ఉత్తరకాండలో ఒక ఘట్టము కలదు. శ్రీరామచంద్రుడు ఆప్తులతో గోష్ఠి నెరపుచు, పురజనులు తన్ను గూర్చి ఏమనుకొనుచున్నారో దాచక చెప్పుమని భద్రుని అడిగెను. సేతుబంధనమును, రావణవధను జనులు కొనియాడుచున్నారని భద్రుడు చెప్పెను. పిదప సీతాదేవిని గూర్చి వీథులలోను, అంగళ్ళలోను పుట్టిన మాటను కూడ వినిపించెను. ఆమె పరిశుద్ధురాలని రాముని అంతరాత్మకు తెలియును. అయినను లోకాపవాదమునకు వెరచి ఆమెను విడిచెను. నింద మోపబడినది రాజుపై. అడవి పాలైనది గర్భవతియైన సాధ్వి.

శ్రీరాముడు చేసినది ధర్మమా కాదా యని పండితులు తరతరములుగా చర్చించుచునే యున్నారు. కాని ఆ మాట పుట్టించిన పౌరుల ధర్మమెట్టిదని అడిగినవారు అరుదు. ప్రజలే ప్రభువులైన ఈ కాలమున ఆ ప్రశ్న మనదే యైనది. మనము ఎన్నుకొన్న నాయకుని గృహజీవితమును బజారున పెట్టుట తగునా? మనలను పాలించువానికి దాపరికము కూడదని కొందరందురు. గడప లోపలి సంగతి పరులకేల యని మరికొందరందురు. రెండు మాటలలోను సత్యము కలదు. రెండింటికిని హద్దు కావలెను.

ఆ హద్దును కౌటిల్యుని అర్థశాస్త్రము చక్కగా సూచించుచున్నది. రాజునకు ఇంద్రియజయము మొదటి గుణమని చెప్పుచు అతడు, కామముచే దాండక్యుడు, క్రోధముచే జనమేజయుడు, పరభార్యను తిరిగి ఇయ్యని గర్వముచే రావణుడు నశించిరని ఉదాహరించెను. కనుక పాలకుని శీలము రాజ్యమునకు పట్టని విషయము కాదు. అయితే అమాత్యులను పరీక్షించునప్పుడు అతడొక కొలత పాటించెను. ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగు విషయములలో పరీక్ష పెట్టి, ధర్మపరీక్షలో నెగ్గినవానిని న్యాయస్థానమునందు, అర్థపరీక్షలో నెగ్గినవానిని పన్నుల వసూలునందును బొక్కసమునందును నియమింపుమనెను. అనగా ఏ పదవికి ఏ గుణము కావలెనో ఆ గుణమును చూడవలెను. పరీక్ష పేరిట నిర్దోషిని చెరుపరాదనియు అతడు హెచ్చరించెను.

ఈ కొలతతో ఆధునిక చరిత్రలోని ఒక ఉదంతమును పరిశీలింతము. బ్రిటన్ యుద్ధమంత్రి జాన్ ప్రొఫ్యూమోకు క్రిస్టీన్ కీలర్ అను యువతితో సంబంధము కలదని 1963లో వదంతి వ్యాపించెను. ఆమెకు సోవియట్ నౌకాదళాధికారి యొకనితోను పరిచయముండెను. గావున దేశరక్షణ రహస్యముల ప్రశ్న తలెత్తెను. అట్లు ప్రశ్నించుట ప్రజల హక్కే. మార్చి నెలలో మంత్రి పార్లమెంటున నిలిచి, అనుచితమైనదేదియు జరుగలేదని చెప్పెను. జూన్ నెలలో అది అసత్యమని ఒప్పుకొని పదవిని విడిచెను. విచారణ జరిపిన లార్డ్ డెన్నింగ్, రహస్యములు బయటికి పొక్కలేదని తేల్చెను. కావున ప్రొఫ్యూమోను పదవికి అనర్హునిగా చేసిన దోషము సభలో ఆడిన అబద్ధమే.

కాని జనుల కుతూహలము అంతటితో తీరలేదు. డెన్నింగ్ నివేదికను కొనుటకు నడిరేయి బారులు తీరిరి. లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయెను. ఆ పరిచయమునకు కారకుడని పేరుపడిన స్టీఫెన్ వార్డ్ అను వైద్యుడు, న్యాయస్థానమున విచారణ సాగుచుండగనే నిద్రమాత్రలు మ్రింగి ప్రాణము విడిచెను. కీలర్ మరియొక వ్యాజ్యమున అసత్యసాక్ష్యమునకు చెరసాల కేగెను. ఆ అపకీర్తి ఆమెను జీవితాంతము వెన్నాడెను. ప్రొఫ్యూమో మరల అధికారమును కోరలేదు. లండన్ తూర్పుభాగమున పేదల సేవకై నెలకొన్న టాయిన్‌బీ హాలులో దశాబ్దముల తరబడి ఊడిగము చేసి, 2006లో కన్నుమూసెను. పాపము బయటపడుట వార్త యగును. ప్రాయశ్చిత్తము మాత్రము మౌనముగనే సాగును.

మన దేశమున 2002లో సుప్రీంకోర్టు, ఎన్నికల అభ్యర్థులు తమపై గల క్రిమినల్ కేసులను, ఆస్తులను, అప్పులను, విద్యార్హతలను ఓటరులకు తెలుపవలెనని తీర్పు చెప్పెను. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించెను. 2024 ఏప్రిల్ నెలలో అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన ఎన్నికల వ్యాజ్యమున, మిక్కిలి విలువ గలవైననే తప్ప, బట్టలు, చెప్పులు, పాత్రల వరకు ప్రతి వస్తువును అభ్యర్థి వెల్లడింపనక్కరలేదని అదే న్యాయస్థానము పలికెను. కౌటిల్యుని కొలతయు ఇట్టిదే కదా!

కావున నాయకుని ధనము ఎచ్చటినుండి వచ్చెనో అడుగవచ్చును. ఆడిన మాట నిజమో కాదో అడుగవచ్చును. వ్యసనము వలననో వ్యాధి వలననో విధి నిర్వహింపలేకున్నచో అదియు అడుగవచ్చును. అధికారబలముతో దిక్కులేని స్త్రీని పీడించినచో అది ఇంటిగుట్టు కాదు, నేరము. దానిని కప్పిపుచ్చుట పాపము. కాని అతని భార్య కన్నీరు, బిడ్డల లోపములు, తోబుట్టువుల తగవులు మన సొత్తు కావు.

నేడు చేత ఫోను గల ప్రతివాడును అయోధ్యాపుర వీథిలో నిలిచియున్నవాడే. పరనింద పలుకరాదని పెద్దలు చెప్పిన మాట, దానిని విని ఆనందించువానికిని వర్తించును. ఒక నాయకుని ఇంటి ముచ్చట చెవిని బడినపుడు మూడు ప్రశ్నలు వేసికొందము. ఇది సత్యమని నాకు తెలియునా? ఇది అతని పదవికి సంబంధించినదా? ఇందువలన ఏ నిర్దోషి అడవి పాలగును? మొదటి రెంటికిని అవునని సమాధానము వచ్చినచో, నిర్దోషిని తప్పించి, ఉన్నంత మాత్రము నిర్భయముగ పలుకుట ధర్మము. రానిచో మౌనమే ధర్మము. సర్వభూతముల హృదయములయందు సాక్షియై వెలుగు పరమాత్మకు నాయకుని గుట్టు తెలియును. మన నాలుక నడచిన త్రోవయు తెలియును.