పెద్దకర్మ ఎక్కడ చేద్దాం?

ఇంటి పెద్దాయన పోయిన మూడో రోజుకే "పెద్దకర్మ ఎక్కడ చేద్దాం?" అన్న మాట వస్తుంది. పదోనాటి ధర్మోదకాలకు రాజమండ్రి కోటిలింగాల రేవో, ఊరి చెరువు గట్టో ఉంటుంది. చిక్కంతా భోజనాల దగ్గరే. అద్దె ఇంట్లో చాలాచోట్ల ఓనరు ఒప్పుకోడు. పెళ్ళిళ్ళు చేసే ఫంక్షన్ హాళ్ళు కొన్ని అశుభమంటూ తలుపు తీయవు. దుఃఖంలో ఉన్నవాళ్ళను అలా గుమ్మంలోంచే తిప్పిపంపడం అన్యాయం.

హాలు చూడ్డానికి వెళ్తే ఏసీ కన్నా ముందు మెట్లు చూడండి. వచ్చేవాళ్ళలో పోయినాయన ఈడువాళ్ళు చాలామంది ఉంటారు. మోకాళ్ళ నొప్పులతో మేడెక్కలేరు. భోజనాలు కిందే పెట్టించండి. ఫొటో మాత్రం వడ్డన వరసకు దూరంగా ఉంచండి. నాలుగు పూలు వేసి, కాసేపు నిలబడి, ఆయన మంచీచెడ్డా చెప్పుకునే తీరిక దొరకాలి. ఆయన భార్య కోసం పక్కన ఒక గది తప్పకుండా అడగండి. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ చివరి రాత్రి సంగతి మళ్ళీ మొదట్నుంచీ చెప్పి చెప్పి ఆవిడ సోలిపోతుంది, తలుపేసుకుని కాసేపు నడుం వాల్చాలి.

అపార్ట్‌మెంట్ సెల్లారులో షామియానా వేసినా ఇవన్నీ కుదురుతాయి. అసోసియేషన్‌ వాళ్ళను అడిగే పని మాత్రం కొడుకుల మీద పెట్టకుండా పక్క ఫ్లాటువాళ్ళే చూసుకోవాలి.