దేవుడి మీద డిబేట్: మనం ఎవరికి చప్పట్లు కొడుతున్నాం?

దేవుడున్నాడా లేడా అని క్రైస్తవ పండితులు, నాస్తికులు స్టేజీ మీద తలపడే వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. 2009 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని బయోలా యూనివర్సిటీలో విలియం లేన్ క్రేగ్, క్రిస్టఫర్ హిచెన్స్ మధ్య జరిగింది వాటిలో బాగా పేరున్నది. క్రేగ్ వరసగా వాదనలు పేర్చుకుంటూ పోయాడు. హిచెన్స్ బలమంతా మాటకారితనం, వెటకారం. ఆ రోజు క్రేగ్‌దే పైచేయి అని నాస్తికుల్లోనే కొందరు ఒప్పుకున్నారు.

మరి మనం ఎవరి పక్షం? దేవుడున్నాడన్న క్రేగ్ పక్షమా? ఆయన చెప్పిన ఐదు వాదనల్లో ఒకటి యేసు పునరుత్థానం. పోనీ, చర్చిని దులిపేసిన హిచెన్స్ పక్షమా? ‘గాడ్ ఈజ్ నాట్ గ్రేట్’లో తూర్పు దేశాల మతాలకి ఆయన ఒక అధ్యాయమే కేటాయించాడు. మెచ్చుకోవడానికి మాత్రం కాదు! ఆయన క్లిప్పులు కట్ చేసి గ్రూపుల్లో పడేసే మనవాళ్లు అదొకసారి చదివితే మంచిది.

నాకు వీటికంటే 1948లో బీబీసీ రేడియోలో వచ్చిన చర్చ ఇష్టం. ఒకవైపు జెస్యూట్ పూజారి ఫ్రెడరిక్ కోపుల్‌స్టన్, ఇంకోవైపు బెర్ట్రాండ్ రస్సెల్. అసలు దేవుడంటే ఏమిటో ముందే ఒక మాట అనుకున్నారు: లోకానికి వేరుగా ఉండి దాన్ని సృష్టించినవాడు అని. దేవుడు లేడని నిరూపించగలనని రస్సెల్ అనలేదు, తనది అజ్ఞేయవాదం అన్నాడు. మన న్యాయశాస్త్రంలో గెలవడానికి చేసేది జల్పం, నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. రేడియోలో జరిగింది వాదం. స్టేజీ మీద జరిగేది చాలావరకు జల్పమే.

“లోకానికి వేరుగా” అనగానే అద్వైతి ఆగిపోతాడు. ఆయన లెక్కలో కుమ్మరీ బ్రహ్మమే, మట్టీ బ్రహ్మమే. అయితే ఈ గొడవ మనది కాదని తప్పించుకోవచ్చా? కుదరదు. లోకం ఒక కార్యం కాబట్టి దానికి కర్త ఉండాలని ‘న్యాయకుసుమాంజలి’లో ఉదయనుడు వాదించాడు. ఆ కర్త అచ్చం కుమ్మరి లాంటివాడే. విడివిడి వస్తువులకి కారణం ఉన్నంత మాత్రాన మొత్తం విశ్వానికీ కారణం ఉండాలా అన్న రస్సెల్ ప్రశ్న సూటిగా ఉదయనుడికీ తగులుతుంది.

అంతకంటే ముందే మన ఇంట్లోనే ఇంకో ప్రశ్న పుట్టింది. దయతో సృష్టించాడంటారే, సృష్టికి ముందు ప్రాణులే లేరు కదా, మరి ఎవరి మీద దయ? అడిగింది నాస్తికుడు కాదు, వేదాన్ని ప్రాణంగా నమ్మిన కుమారిల భట్టు. సంసారానికి మొదలే లేదు, కర్మ అనాది అని వేదాంతులు జవాబిస్తారు. రేపు ఆఫీసు క్యాంటీన్లో ఎవరైనా ఇదే అడిగితే, మీరు ఆ జవాబే చెబుతారా? చెప్పేముందు, అది మీకు నిజంగా సరిపోయిందా?