రాళ్ళు సాక్ష్యమిస్తే భయమెందుకు?



మన ఇళ్ళలో పిల్లలు హైస్కూలు దాటి ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి ఒక ప్రశ్న వేస్తారు. "ఆదివారం సత్యోపదేశంలో దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని సృష్టించాడని చెప్పారు. సోమవారం కాలేజీలో భూమి వయస్సు సుమారు 450 కోట్ల సంవత్సరాలని చెప్పారు. ఈ రెంటిలో ఏది నిజం?"

చాలామంది తల్లిదండ్రులు "దేవుని మాటకు ఎదురు ప్రశ్నలేమిటి? పుణ్యం పోతుంది" అని గద్దిస్తారు. దానితో బిడ్డ మనల్ని అడగటం మానేస్తాడు గాని ప్రశ్న వాడి లోపలే ఉండిపోతుంది. నాలుగేళ్ళ తరువాత ఏ హాస్టలుకో, ఏ ఉద్యోగానికో వెళ్ళి ఆదివారం పూజకు పోవటం మానేస్తే, "మావాడికి ఏమైంది ఫాదర్?" అని గురువుల దగ్గరకు వచ్చి కన్నీరు పెట్టుకుంటాం. కనుక ఈ వారం ఆ ప్రశ్నను మనమే ఎదురుగా పెట్టుకుని ఆలోచిద్దాం.

గడ్డివామి వేయటం మన రైతులకు తెలియని విషయం కాదు. అడుగున ఉన్న గడ్డి ముందు వేసినది, పైన ఉన్నది తరువాత వేసినది. భూమి పొరలూ ఇలాగే ఏర్పడ్డాయని శాస్త్రీయంగా మొదట వివరించిన వారిలో ప్రముఖుడు నీల్స్ స్టెన్సన్. ఆయన 1638లో డెన్మార్క్‌లో పుట్టాడు. 1667లో కతోలిక శ్రీసభలో చేరాడు. 1669లో రాతి పొరల గురించి, వాటిలో దొరికే శిలాజాల గురించి చిన్న గ్రంథం వెలువరించాడు. తరువాత 1675లో గురువుగా, 1677లో మేత్రాణిగా అభిషేకం పొందాడు. 1988 అక్టోబరు 23న రెండవ జాన్ పాల్ పాపుగారు ఆయనను ధన్యుడుగా ప్రకటించారు. రాళ్ళను చదివిన మనిషిని శ్రీసభ బలిపీఠం మీద నిలిపి గౌరవించింది.

స్టెన్సన్ తరువాత దాదాపు రెండు వందల ఏళ్ళకు ఫ్రాన్సు దేశంలో అల్సీద్ దోర్బిన్యీ అనే శాస్త్రవేత్త ఈ పనిని చాలా ముందుకు తీసుకువెళ్ళాడు. ఆయన 1802లో పుట్టి 1857లో మరణించాడు. ఆయనకు ముఖ్యమైన ఆధారం అమ్మోనైట్ శిలాజాలు. మన హిందూ సోదరులు పూజించే సాలగ్రామాలలో చుట్టలు చుట్టుకున్న చక్రం వంటి గుర్తు ఉంటుంది కదా, అది అమ్మోనైట్ గుర్తే. నత్తగుల్లలాంటి గుల్లలో ఉంటూ సముద్రంలో ఈదిన ప్రాణి అది. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం ఆ జాతి అంతా అంతరించిపోయింది.

అమ్మోనైట్లలో రకాలు త్వరత్వరగా మారుతూ వచ్చాయి. ఒక్కో రకం కొద్ది కాలమే జీవించింది, కాని చాలా దూరం వ్యాపించింది. కనుక దూరదూరాన ఉన్న రెండు ఊళ్ళ రాళ్ళలో ఒకే రకం అమ్మోనైట్ దొరికితే ఆ రెండు రాళ్ళూ ఒకే కాలానివని చెప్పవచ్చు. దోర్బిన్యీ ఈ విధంగా పొరలను వరుసపెట్టి, ఒక్కొక్క దశకు ఒక్కొక్క పేరు పెట్టాడు. బాయో పట్టణం పేరు మీద బజోషియన్ అన్నాడు. ఆయన పెట్టిన పేర్లు కొన్ని నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి.

ఇదంతా ఎక్కడో ఫ్రాన్సు సంగతి, మనకేమిటి అనుకోవద్దు. ఏలూరుకు ఉత్తరాన మెట్ట ప్రాంతంలో ఇటువంటి పొరలే ఉన్నాయి. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ వాటిని పరిశీలించి 1880లో గ్రంథం ప్రచురించాడు. అడుగున గొల్లపల్లి ఇసుకరాయి, దానిపైన రాఘవాపురం షేలు, ఆపైన తిరుపతి ఇసుకరాయి. ఈ తిరుపతి మన ద్వారకా తిరుమలే. రాఘవాపురం షేలు అంటే బురద గట్టిపడి పలకలు పలకలుగా మారిన రాయి. అందులో అమ్మోనైట్ల గుర్తులు దొరికాయి. అంటే ఈనాడు మామిడి, పొగాకు పండే ఆ నేల పది కోట్ల ఏళ్ళకు పూర్వం సముద్రపు అడుగు.

ఆ రాఘవాపురం పొరే కృష్ణా, గోదావరి డెల్టాల కింద చాలా లోతున కూడా ఉంది. ఇక్కడ దొరికే చమురు, సహజవాయువులకు అది ఒక ముఖ్యమైన పుట్టినిల్లు. నరసాపురం ప్రాంతంలో ఓఎన్‌జీసీ వారు బావులు తవ్వేటప్పుడు పైకి వచ్చే రాతిపొడిలో కంటికి ఆనని చిన్న గుల్లలను వెతికి ఏ పొరకు చేరామో తెలుసుకుంటారు. ఫొరామినిఫెరా అనే ఆ జీవులకు 1826లో ఆ పేరు పెట్టింది కూడా దోర్బిన్యీయే. ఇంటికి వచ్చే గ్యాసు వెనుక ఈ శాస్త్రం ఉంది. పొయ్యి మీద దాన్ని వాడుకుంటూ, పుస్తకంలో అది అబద్ధమని పిల్లలకు చెప్పటం న్యాయమా?

అయితే దోర్బిన్యీ జీవితంలో మన విశ్వాసానికి ఒక హెచ్చరిక కూడా ఉంది. ఒక పొరలోని ప్రాణులు పై పొరలో కనిపించకపోవటం చూసి, దేవుడు ఒక్కో దశ చివర సృష్టినంతా నాశనం చేసి మళ్ళీ కొత్తగా సృష్టించాడని, అలా 27 సార్లు జరిగిందని ఆయన భావించాడు. తరువాతి పరిశోధనలలో ఆ అభిప్రాయం నిలువలేదు. ఒక దశ నుండి మరొక దశకు దాటి వచ్చిన ప్రాణులు ఎన్నో కనిపించాయి. ఆయన జాగ్రత్తగా చూసి రాసిన పొరల వరుస నిలిచింది. తెలియనిచోట దేవుని పేరు పెట్టి పూడ్చిన ఖాళీ మాత్రం నిలువలేదు.

మనమూ అదే చేస్తుంటాం. సైన్సు చెప్పలేనిది కనబడితే "అదిగో దేవుడు" అంటాం. రేపు సైన్సు అది కూడా చెబితే మన దేవుడు ఎక్కడికి పోవాలి? సృష్టికర్త తెలియని మూలల్లో దాక్కునేవాడు కాదు. తెలిసినదానికీ ఆయనే ప్రభువు. అమ్మోనైట్ గుల్లలోని ప్రతి చుట్టూ, అది రాయిగా మారిన తీరూ, ఆ తీరును గ్రహించగల మనిషి బుద్ధీ ఆయన ఇచ్చినవే.

మరి ఆదికాండం మాటేమిటి? అందులో వెలుగు మొదటి రోజున కలిగింది, సూర్యుడు నాలుగో రోజున కలిగాడు. సూర్యుడు లేని ఆ రోజులు ఎటువంటి రోజులు అని 1600 ఏళ్ళ క్రితమే పునీత అగుస్తీనుగారు ఆలోచించారు. అవి మన గడియారపు రోజులు కాకపోవచ్చునని ఆయన భావించారు. ప్రకృతి విషయాలలో క్రైస్తవులు తెలిసీ తెలియక మాట్లాడితే, విన్న అన్యులు మన పునరుత్థాన విశ్వాసాన్ని కూడా నమ్మరని ఆయన గట్టిగా మందలించారు. ప్రకృతి అంతర్నిర్మాణాన్ని బోధించటం పవిత్ర గ్రంథ రచయితల ఉద్దేశం కాదని 1893లో 13వ లియో పాపుగారు తమ విశ్వలేఖలో వివరించారు. మన రక్షణకు అవసరమైన సత్యాన్ని దైవగ్రంథం తప్పక బోధిస్తుందని 1965లో రెండవ వాటికన్ మహాసభ తెలియజేసింది. విశ్వాసం, వివేకం రెండూ మనిషిని సత్యానికి చేర్చేవేనని 1998లో రెండవ జాన్ పాల్ పాపుగారు బోధించారు.

కనుక మీ బిడ్డ అడిగినప్పుడు ఇలా చెప్పండి: "నాయనా, రెండూ నిజమే. భూమి ఎప్పుడు, ఎలా ఏర్పడిందో రాళ్ళు చెబుతాయి. ఎవరు చేశారో, ఎందుకు చేశారో, చేసిన దాన్ని చూసి ఎందుకు సంతోషించారో ఆదికాండం చెబుతుంది. నిన్ను కూడా ఆయన ప్రేమతోనే చేశాడు." మీకు తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, అడిగి తెలుసుకుందాం" అనటానికి సిగ్గుపడకండి. అలా అంటే విశ్వాసానికి లోటేమీ రాదు. ప్రశ్న అడిగినందుకు కొట్టిన దెబ్బే ఆ బిడ్డ విశ్వాసాన్ని గాయపరుస్తుంది.

ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు వెళ్ళినప్పుడు కొండ మెట్లెక్కుతూ ఒక్క క్షణం ఆగి పిల్లలకు ఆ రాతిని చూపించండి. బెజవాడ కొండలలో ఖొండలైటు అనే రాయి ఉంది. ఒకప్పటి బురద భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారి అలా గట్టిపడింది. దాని వయస్సు నూరు కోట్ల ఏళ్ళకు పైబడినది. కొండ పైనుండి చూస్తే కనిపించే వరిపొలాలు మాత్రం కృష్ణమ్మ నిన్నమొన్న తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. ఆ పాత రాతికీ ఈ కొత్త మట్టికీ మధ్య ఉన్నంత కాలం దేవుడు తొందరపడక మనకోసం ఒక ఇల్లు సిద్ధం చేశాడు. ఆయన దృష్టిలో వేయి సంవత్సరాలు గడచిపోయిన నిన్నటి దినం వంటివని కీర్తనకారుడు పాడలేదా?

అంత ఓర్పు గల తండ్రి మన బిడ్డల ప్రశ్నలకు కోపగించుకుంటాడా? మనమూ కోపగించుకోవద్దు. సత్యం ఎక్కడ దొరికినా అది ఆయనదేనన్న ధైర్యాన్ని ప్రభువు మన కుటుంబాలకు దయచేయునుగాక. ఆమెన్.